ఫారంలో పట్టని చుట్టాలు

"అమ్మా నాన్నా ఇండియాలో వున్నారు, బావమరిది హైదరాబాదులో డి.ఆర్.డి.ఓ.లో చేస్తున్నాడు. నాకు సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తుందంటారా?" ఈ ఏడాది మన సభ్యులు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది. వీసాల గురించి కాదు, ఇళ్ళ ధరల గురించి కూడా కాదు. నేనుండే టూవూంబాలో ఈ ప్రశ్న రావడం వింతేమీ కాదు. కొండ మీద వూరు, సెప్టెంబరులో పూల పండుగకి తప్ప బయటివాళ్ళకి పేరు గుర్తుండదు. కానీ ఉత్తరాన కబార్లాలో సైన్యం వారి సిగ్నల్ రెజిమెంటు వుంది. పడమర ఓకీలో సైనిక హెలికాప్టర్ల శిక్షణ కేంద్రం వుంది. వెల్‌క్యాంప్ విమానాశ్రయం పక్కన పైలట్ లేని యుద్ధ విమానాల కర్మాగారం పెడతామని బోయింగ్ 2021లో ప్రకటించింది. బ్రిస్బేన్ వెళ్ళే దారిలో ఏంబర్లీ వైమానిక స్థావరం. ఈ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ పని వెతుక్కునేవాడికి మంచి ఉద్యోగం అనుకున్నది ఎదురైతే, దాని ప్రకటన అడుగున ఆ రెండు మాటలూ ఎదురౌతాయి.

జవాబు ముందే చెప్పేస్తాను. తల్లిదండ్రులు ఇండియాలో వుంటే క్లియరెన్స్ ఇవ్వకూడదని ఆస్ట్రేలియా నియమాల్లో ఎక్కడా లేదు. అలాగని ఆ సంగతి లెక్కలోకి రాదనీ లేదు. ఈ రెండిటి మధ్య వున్న జాగాలోనే మనవాళ్ళ పుకార్లన్నీ మొలుస్తున్నాయి. "ఓ.సి.ఐ. కార్డు వెనక్కిచ్చెయ్", "అన్నయ్య పేరు రాయకు", "ఇండియా ప్రయాణాలు ఒకటి రెండు తగ్గించి చూపించు" – ఇవి పార్కుల్లో బార్బిక్యూల దగ్గర నేను చెవులారా విన్న సలహాలు. మూడో సలహా ఇచ్చినాయన, ప్రతి రాకపోకా కంప్యూటర్లో ఎక్కే దేశంలో వున్నానని మర్చిపోయినట్టున్నాడు.

(నాకు క్లియరెన్స్ వుందా లేదా అని ఉత్తరాలు రాయకండి. వున్నవాళ్ళు అది చాటుకు తిరగకూడదు, లేనివాళ్ళు చాటుకోవడానికేమీ లేదు.)

ఈ తనిఖీ చేసేది ఎ.జి.ఎస్.వి.ఎ., అంటే ఆస్ట్రేలియన్ గవర్నమెంట్ సెక్యూరిటీ వెట్టింగ్ ఏజెన్సీ. 2010 అక్టోబరులో రక్షణ శాఖలో పెట్టారు. మనంతట మనం దరఖాస్తు పెట్టుకోలేం, స్పాన్సర్ చేసేవాళ్ళు వుండాలి. పౌరసత్వం తప్పనిసరి, మినహాయింపులు బహు అరుదు. బేస్‌లైన్, నెగటివ్ వెట్టింగ్ 1, నెగటివ్ వెట్టింగ్ 2 అని మెట్లు. అన్నిటికంటే పై మెట్టుని ఏసియో చేతికిస్తూ 2023లో చట్టం సవరించారు. బేస్‌లైన్‌కి వెనకటి 5 ఏళ్ళు, నెగటివ్ వెట్టింగ్‌కి 10 ఏళ్ళు తవ్వుతారు. విదేశాలతో విధేయతలు, సంబంధాలు అనేది వాళ్ళు చూసే అంశాల్లో ఒకటి మాత్రమే. అప్పులు, తాగుడు, మత్తుమందులు, నేరాలు ఇంకా చాలా వున్నాయి. మనిషిని మొత్తంగా చూడాలన్నది సూత్రం. అంతా చూశాక కూడా సందేహం మిగిలితే మాత్రం దేశం పక్షానే తేల్చాలి.

మనవాళ్ళకి మింగుడుపడనిది ఈ చివరి మాటే. కోర్టులో ఐతే సందేహం ముద్దాయికి లాభం. ఇక్కడ తిరగబడింది. అమెరికాలోనూ అంతే. క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని అక్కడి సుప్రీంకోర్టు 1988లోనే నేవీ – ఈగన్ కేసులో చెప్పింది. మీరు తప్పు చేశారని ఎవరూ అనడం లేదు. రేపు మీ అమ్మని అడ్డం పెట్టుకుని మిమ్మల్ని ఎవరైనా వొత్తిడి చెయ్యగలరా అని అడుగుతున్నారు. అమ్మ మీద ప్రేమ ఎంత ఎక్కువైతే ఆ ప్రశ్న అంత బరువెక్కుతుంది. దీన్ని అవమానంగా తీసుకునే మిత్రుల్ని చూశాను. నేను అలా తీసుకోను. గూఢచారి వుద్యోగమే మనుషుల ప్రేమల్ని వాడుకోవడం. ఆ దారి ఎక్కడుందో చూసుకోవడం ఏ ప్రభుత్వానికైనా తప్పదు.

ఐతే ఎలా చూడాలి అన్నదాంట్లో అమెరికా మనకంటే ఒక మెట్టు పైనుంది. అక్కడ రక్షణ కాంట్రాక్టర్ల ఉద్యోగులకి న్యాయాధికారి ముందు విచారణ వుంది, ఆ తీర్పులు పేర్లు తీసేసి అచ్చవుతాయి. 2017 జూన్ నుంచి అమల్లో వున్న నాలుగో నంబరు డైరెక్టివ్‌లో విదేశీ ప్రభావానికి 'గైడ్‌లైన్ బి' అని ఒక అధ్యాయమే వుంది. ఏ దేశం, ఆ బంధువు చేసే పనేమిటి, మీకు ఇక్కడ వేళ్ళు ఎంత లోతుగా దిగాయి, అక్కడి ఆస్తి మీ మొత్తం ఆస్తిలో ఎంత అని విడదీసి చూస్తారు. ఆ తీర్పుల్లో తరచు కనిపించే సూత్రం ఒకటి చదివి నవ్వుకున్నాను: జీవిత భాగస్వామి తల్లిదండ్రుల మీద మనకి ప్రేమో బాధ్యతో వున్నట్టే చట్టం అనుకుంటుంది, కాదంటే ఆ సంగతి మనమే రుజువు చేసుకోవాలి. అత్తామామల మీద ప్రేమ లేదని ప్రమాణపూర్వకంగా నిరూపించుకోగల తెలుగు అల్లుణ్ణి నేనింకా చూడలేదు. నవ్వు సంగతి అలా వుంచితే, ఈ తీర్పులు చదివిన అమెరికా మిత్రుడికి ఏం రాయాలో, ఏం జత చెయ్యాలో తెలుస్తుంది. ఇక్కడ అలా అచ్చువేసే ఆనవాయితీ లేదు. అంచేత బార్బిక్యూ సలహాలే గతి.

ఇక అసలు చిక్కు. చాలామంది 'ఇండియా' అనే మాట దగ్గర భయపడతారు గానీ, నా లెక్కలో మనకి ఎక్కువ దెబ్బ తగిలేది 'సరిచూడటానికి వీలుకాని గతం' దగ్గర. లెక్క వేసుకోండి. ఇక్కడ పౌరసత్వానికి కనీసం నాలుగేళ్ళ నివాసం చాలు. చదువుకోడానికి వచ్చి ఆరో ఏట పౌరుడైన కుర్రాడికి పదేళ్ళ తనిఖీలో మిగతా నాలుగేళ్ళు అమీర్‌పేటలోనో, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లోనో పడతాయి. ఆరుగురు కలిసి వున్న గదికి అద్దె రసీదెక్కడిది? ఓనరు పేరెవరికి గుర్తు? మొదటి ఉద్యోగం ఇచ్చిన కన్సల్టెన్సీ బోర్డు పీకేసి ఎంతకాలమైందో. ఇంకో మాట కూడా అనేస్తాను, కొందరికి కోపం వచ్చినా సరే: ఆ రోజుల్లో రెండేళ్ళ అనుభవం డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళు మనలో వున్నారు. ఉద్యోగాల ఇంటర్వ్యూలన్నీ దాటిన ఆ కాగితం, అంతకంటే ఓపిగ్గా చదివే మనిషి చేతికి మొదటిసారి వెళ్ళేది ఇక్కడే.

కుటుంబం సంగతి చూడండి. ఫారం రాసినవాడి బుర్రలో ఒక తల్లి, ఒక తండ్రి, ఒకే గర్భాన పుట్టిన తోబుట్టువులు వుంటారు. మనకి పెదనాన్న కొడుకు అన్నయ్యే. ఒకే వంటింట్లో పెరిగినవాణ్ణి 'కజిన్' అని రాయడానికి చెయ్యి రాదు, 'బ్రదర్' అని రాస్తే తండ్రి పేరు కలవదు. పిల్లల్లేని మేనమామ ఇంట పెరిగినవాళ్ళకి కన్నతల్లి ఒకరు, స్కూలు రికార్డుల్లో తల్లి ఒకరు. మేనరికం చేసుకున్నవాళ్ళ అత్తగారు మేనత్త కూడా. ఒకే మనిషి రెండు గళ్ళలో రెండు స్పెల్లింగులతో తేలుతుంది. నాన్న పుట్టిన తేదీ హెడ్మాస్టరు గారు వేసింది. అమ్మ ఇంటిపేరు పెళ్ళితో మారింది, పాసుపోర్టులో ఇంకోలా చీలింది. మా ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల పాసుపోర్టుల్లో ఇంటిపేరు మూడు రకాలుగా వుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. కానీ చూసే ఆఫీసరుకి ఇది దాపరికంలాగే కనిపిస్తుంది, పక్కన ఒక కాగితం మీద వివరంగా రాసి జత చెయ్యకపోతే.

ఆస్తులూ అంతే. నాన్న పేర వున్న మాగాణి ఉమ్మడి ఆస్తి ఐతే అందులో మీకు పుట్టుకతో భాగం వుంది. ఆడపిల్లలకీ వుంది: ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ చట్టంతోనే వచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. "నాకక్కడ ఏమీ లేదండీ" అని నిజాయితీగా నమ్మే చెల్లెళ్ళు ఒకసారి నాన్నగార్ని అడిగి చూడండి. బావగారి పేరు మీద కొన్న ప్లాటు, వదిన నడిపే చిట్టీలో మన పేరు, నోటు రాసిచ్చిన చేబదుళ్ళు, ఇవి మనకి ఇంటి విషయాలు. అక్కడ విదేశీ ఆర్థిక సంబంధాలు.

గళ్ళు నిండకపోతే ఏమౌతుందో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2011 మే నెలలో ఏ.బి.సి. టీవీ లేట్‌లైన్ కార్యక్రమంలో ముగ్గురు మాజీ ఉద్యోగులు ఒక సంగతి బయటపెట్టారు. బ్రిస్బేన్‌లోని రక్షణ శాఖ వెట్టింగ్ కేంద్రంలో, పేరుకుపోయిన ఫైళ్ళు కదలడానికి, ఖాళీగా వున్న గళ్ళలో తోచిన వివరాలు కొట్టి ముందుకు పంపేవారని. గూఢచార సంస్థల మీద తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారించి, తప్పుడు వివరాలు ఎక్కించిన మాట నిజమేనని అదే ఏడాది డిసెంబరులో తేల్చారు. ఆ కేంద్రం మాకు గంటన్నర దూరం. తప్పనిసరి గడి పెట్టి, 'తెలియదు' అని రాసే వీలివ్వకపోతే అబద్ధం ఎక్కడో ఒకచోట పుడుతుంది. దరఖాస్తుదారు రాయకపోతే గుమాస్తా రాస్తాడు. 2018లో జాతీయ ఆడిట్ ఆఫీసు కూడా ఈ వెట్టింగ్ లోపలి ముప్పుని సరిగ్గా తగ్గించలేకపోతోందని రాసింది. అంటే మన పెదనాన్న కొడుకు దగ్గర పీటముడి పడి ఆగే యంత్రం, అసలు పట్టుకోవలసిన చోట వదులుగా వుందన్నమాట. ఆల్డ్రిచ్ ఏమ్స్, రాబర్ట్ హాన్సెన్ ఇద్దరూ అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళే. వాళ్ళని పడగొట్టింది విదేశంలో వున్న తల్లి కాదు, డబ్బు.

బావమరిది ప్రశ్నకి వద్దాం. మన తెలుగు నేల మీద ఈ ప్రశ్న మిగతా భారతీయులకంటే ఎక్కువ పుడుతుంది. డి.ఆర్.డి.ఎల్., ఆర్.సి.ఐ., డి.ఎం.ఆర్.ఎల్., బి.డి.ఎల్., మిధాని, ఇ.సి.ఐ.ఎల్., ఎన్.ఎఫ్.సి. అన్నీ హైదరాబాదు చుట్టూనే. విశాఖలో తూర్పు నౌకాదళం, శ్రీహరికోటలో షార్. ఇంజినీర్లున్న ఏ తెలుగు కుటుంబంలోనైనా వీటిలో ఒక చోట ఒక బాబాయో బావో దొరుకుతాడు. మనం గర్వంగా పెళ్ళిచూపుల్లో చెప్పుకునే ఉద్యోగం ఫారంలో 'విదేశీ ప్రభుత్వోద్యోగి, రక్షణ రంగం' అవుతుంది. రాయాలా? అడిగిన బంధుత్వంలో వుంటే రాయాలి. అక్కడ మొహమాటం లేదు. ఎంత తరచు మాట్లాడతారో, ఏం మాట్లాడతారో కూడా వున్నదున్నట్టు రాయాలి. "పని గురించి మాట్లాడుకోం" అనేది చాలా ఇళ్ళల్లో నిజం, ఆ మాటే రాయండి.

దీనికి రెండో వైపు కూడా వుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. బావ పేరు, పుట్టిన తేదీ, అడ్రసు ఒక పరాయి ప్రభుత్వం ఫైల్లో చేరతాయి. ఆయన్ని ఎవరూ అడగలేదు. అమెరికా పర్సనల్ మేనేజ్‌మెంట్ ఆఫీసు నుంచి 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయని 2015లో బయటపడింది. అందులో క్లియరెన్స్ ఫారాలు కూడా వున్నాయి, అంటే వాటిలో రాసిన విదేశీ బంధువుల వివరాలతో సహా. ఫారం నింపే ముందు ఇంటికి ఫోను చేసి "నీ పేరు రాస్తున్నాను" అని చెప్పడం కనీస మర్యాద.

ఇంత చెప్పినా మనవాళ్ళు ఎందుకు దాస్తారు? భయం. ఆ భయానికి క్వీన్స్‌లాండ్‌లో ఒక పేరుంది: డాక్టర్ మొహమ్మద్ హనీఫ్. గోల్డ్‌కోస్ట్ ఆస్పత్రిలో పనిచేస్తున్న కర్ణాటక డాక్టరు. 2007 జూలై 2న పసిబిడ్డని చూడ్డానికి బెంగుళూరు బయల్దేరినవాణ్ణి బ్రిస్బేన్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. బ్రిటన్ పేలుళ్ళ పన్నాగంలో చిక్కుకున్న దూరపు చుట్టానికి, అంతకు ఏడాది ముందు తన సిమ్ కార్డు ఇచ్చి రావడం ఆయన చేసిన పని. గ్లాస్గోలో దాడికి వాడిన జీపులో ఆ సిమ్ దొరికిందని కోర్టులో చెప్పారు, నిజానికి దొరికింది లివర్‌పూల్‌లో. జూలై 16న బెయిలొస్తే, గంటల్లో మంత్రి కెవిన్ ఆండ్రూస్ వీసా రద్దు చేశారు. కారణం 'అసోసియేషన్', అంటే సంబంధం. జూలై 27న కేసు ఎత్తేశారు. నేరంలో పాలులేని వట్టి చుట్టరికం ఆ మాట కిందికి రాదని ఆగస్టులో ఫెడరల్ కోర్టు వీసా రద్దుని కొట్టేసింది, డిసెంబరులో పై బెంచీ అదే ఖాయం చేసింది. 2008లో క్లార్క్ విచారణ నివేదిక ఆయన్ని నిర్దోషిగా చెప్పింది, 2010లో నష్టపరిహారమూ ఇచ్చారు. అది వీసా వ్యవహారం, క్లియరెన్స్ కాదు, చట్టాలు వేరు. ఐనా ఆ ఇరవై అయిదు రోజులు టీవీల్లో చూసిన తరానికి "మీ బంధువుల పేర్లు రాయండి" అన్న వాక్యం మామూలుగా వినిపించదు. ఈ సంగతి ఆఫీసర్లు గుర్తుంచుకోవాలి.

మనం గుర్తుంచుకోవలసింది ఇంకొకటుంది. "ఇండియా మిత్రదేశం కదా, క్వాడ్‌లో వుంది కదా, ఇంక అనుమానమెందుకు?" అనే వాదన మానేద్దాం. ఇజ్రాయిల్ అమెరికాకి ఎంత దగ్గర? 1985లో జొనాథన్ పొలార్డ్ దొరికింది ఆ దేశం కోసం పనిచేస్తూనే. ఇక్కడ 2021 మార్చిలో ఏసియో అధిపతి మైక్ బర్జెస్ ఒక ప్రసంగంలో, అంతకు ముందు ఏడు ఒక 'గూఢచారుల గూడు'ని దేశం నుంచి వెళ్ళగొట్టామన్నారు. వాళ్ళు రాజకీయ నాయకుల్ని పట్టారు, తమ దేశం నుంచి వచ్చిన ప్రవాసుల మీద నిఘా పెట్టారు, రక్షణ సాంకేతిక వివరాలు అందే ఒక క్లియరెన్స్ వున్న మనిషిని కూడా చేర్చుకున్నారు. ఏ దేశమో ఆయన చెప్పలేదు. 2024 ఏప్రిల్ చివర వాషింగ్టన్ పోస్టు, వెనువెంటనే ఆస్ట్రేలియా పత్రికలు, అది ఇండియా అని రాశాయి. కాన్‌బెర్రా బహిరంగంగా ఔననలేదు. ఆ వార్త నిజమో కాదో తేల్చగలవాళ్ళం మనం కాదు. కానీ మన ఫారాలు చూసే మనిషి ఆ వార్త చదివే వుంటాడు.

అంచేత ఇప్పుడు నాకు అమ్మానాన్నల కంటే ఎక్కువ దిగులు మన ఫోటోలు. ఎన్నికలొస్తే చాలు, మన వూళ్ళో పార్టీల ఎన్.ఆర్.ఐ. విభాగాలు లేస్తాయి. కార్ల ర్యాలీ, కండువా, వచ్చిన మంత్రిగారి పక్కన నిలబడి ఫోటో, ఫలానా పార్టీ ఆస్ట్రేలియా కన్వీనర్ అని విజిటింగ్ కార్డు. తల్లిదండ్రుల్ని మనం ఎంచుకోలేదు. ఇది ఎంచుకున్నది. విదేశీ రాజకీయ సంస్థ తరఫున ఇక్కడి రాజకీయాల్లో, ప్రభుత్వంలో పలుకుబడి వాడితే పేరు నమోదు చేసుకోవాలని 2018 డిసెంబరు నుంచి ఒక చట్టం అమల్లో వుంది. అమెరికాలో బి.జె.పి. ప్రవాస మిత్రుల సంస్థ 2020లో విదేశీ ఏజెంట్ల చట్టం కింద నమోదు చేసుకుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఆస్ట్రేలియా పౌరుడయ్యాక, ఓ.సి.ఐ. కార్డు వున్నా సరే, ఇండియా చట్టం దృష్టిలో మీరు విదేశీయులే. ప్రజాప్రాతినిధ్య చట్టం 29బి కింద ఏ పార్టీ మీ చందా తీసుకోకూడదు. మామయ్య ఖాతాలో వేసి ఇప్పిస్తే ఆ తప్పు రెండు దేశాల్లో తప్పవుతుంది. రాజకీయాలు వదిలెయ్యమని నేననడం లేదు, నేనే వదల్లేదు. కన్వీనర్ కార్డూ, క్లియరెన్స్ ఉద్యోగమూ రెండూ కావాలనుకునేవాళ్ళు ముందుగా కూర్చుని ఆలోచించుకోవాలంటున్నాను.

ఇక ఎదటివాళ్ళ వంతు. ఒక ఉద్యోగాల ఏజెంటు నాతో ఫోనులో అన్నాడు: "మీరు సిటిజనేనా? అది సరే, పుట్టిందెక్కడ? అక్కడ పుట్టినవాళ్ళకి క్లియరెన్స్ ఆలస్యమౌతుంది, క్లయింటు ఆగడు." వడపోత ఎ.జి.ఎస్.వి.ఎ. పని, ఫోను పట్టుకున్న ఏజెంటుది కాదు. జాతీయత చూడమనే అమెరికా ఆయుధ ఎగుమతి నిబంధనల కోసం బోయింగ్ అంతటి కంపెనీ కూడా 2003లో క్వీన్స్‌లాండ్ వివక్ష వ్యతిరేక ట్రిబ్యునల్ ముందుకెళ్ళి మినహాయింపు అడిగి తెచ్చుకుంది. అడగాల్సి వచ్చిందంటే, అడక్కుండా చెయ్యకూడదనేగా. ఈ ఏజెంట్లు ఏ మినహాయింపు తెచ్చుకున్నారు? ఇలాంటి ఫోను మీకొస్తే తేదీ, టైము, అన్న మాటలు అప్పుడే రాసిపెట్టుకోండి. ఆ తర్వాత ఒక ఈమెయిల్లో అదే ప్రశ్న వాళ్ళనే అడగండి. రాతలో ఎవరూ ఆ మాట మళ్ళీ అనరు.

మన గ్రూమ్ నియోజకవర్గం ఎం.పి.కి పంపడానికి ఉత్తరం తయారుచేశాం. అడిగేవి మూడే: నిరాకరణ తీర్పుల్ని పేర్లు తీసేసి ప్రచురించమని, ఆలస్యమైన ఫైళ్ళలో విదేశాల్లో పుట్టినవాళ్ళవి ఎన్నో ఏటా అంకెలు చెప్పమని, ఫారంలో 'తెలియదు, కారణం ఇదీ' అని రాసే చోటు ప్రతి గడికీ పెట్టమని. మూడోది చూసి నవ్వకండి, ఆ మూడిట్లో త్వరగా చేయించగలిగింది అదే. క్లియరెన్స్ వున్నవాళ్ళు, దరఖాస్తులో వున్నవాళ్ళు దీని మీద సంతకం పెట్టనక్కర్లేదు, పెట్టమని ఎవరూ వొత్తిడి చెయ్యకండి. మిగతావాళ్ళ సంతకాలు ఈ నెలాఖరులోగా చేరాలి, ఇంట్లో వోటున్న ఆడవాళ్ళవి కూడా.